వీథిబడియు తెరపై కథయు: ద్రాక్షారామ ప్రాంతమున ప్రాథమికాక్షర శిక్షణము

బాలునకు కథ ముందు, అక్షరము వెనుక. ఇంట అమ్మమ్మ చెప్పిన కథలతో ఐదేండ్లు పెరిగిన తరువాతనే శిశువు పలక పట్టును. కాని బడి గడప దాటిన నాటినుండి ఆ కథ వెలుపల నిలిచిపోయి, అక్షరమొక్కటియే లోనికి వచ్చుట మన ప్రాథమిక విద్యలో చిరకాలముగా కనబడుచున్న వైపరీత్యము. ఇటీవల తరగతి గదులలో స్మార్టు టీవీలును, ఉపాధ్యాయుల చేతులలో స్మార్టుఫోనులును చేరిన పిదప ‘డిజిటల్ కథనము’ అను బోధనామార్గము విద్యావేత్తల చర్చలలోనికి వచ్చినది. దీనిని కొందఱు పరదేశపు వింతగా తలచి దూరముగా నుంచుచున్నారు. కొందఱు అన్ని లోపములకును ఇదియే మందని నమ్ముచున్నారు. ఈ రెండు తలంపులును దేశీయ బోధనాపద్ధతిని విస్మరించుటవలన కలిగినవని మా యభిప్రాయము. మన వీథిబడి ఏమి సాధించినదో, ఎచ్చట తప్పినదో తెలిసికొన్నచో, ఈ క్రొత్త పరికరము ఏ పనికి తగునో, ఏ పనికి తగదో స్పష్టమగును. ఆ వివేచనకు ఈ వ్యాసమున ద్రాక్షారామమును ఆధారముగా గ్రహించితిమి.

ఇందుకు కారణములు రెండు. పంచారామములలో నొకటియైన ద్రాక్షారామ భీమేశ్వరాలయపు గోడలమీదను, స్తంభములమీదను వందలకొలది శాసనములు కలవు. ‘దక్షిణ హిందూ శాసనములు’ నాలుగవ సంపుటమున అవి ప్రకటితములైనవి. ఊరి నడుమ ఇన్ని శతాబ్దుల అక్షరములు రాతిమీద నిలిచియున్న గ్రామములు మనకు అరుదు. రెండవది, ఈ గ్రామము చేరియుండిన పూర్వపు రాజమహేంద్రవరము జిల్లాలోని బడులనుగూర్చి రెండువందల యేండ్లనాటి లిఖితసాక్ష్యము లభించుచున్నది.

1823 నాటి సాక్ష్యము

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్ 25వ తేదీని, దేశీయ పాఠశాలల వివరములను సేకరించి పంపవలసినదిగా కలెక్టర్లను కోరుచు ఒక పత్రమును వ్రాసెను. దానికి సమాధానముగా 1823లో రాజమహేంద్రవరము కలెక్టరు పంపిన నివేదిక ననుసరించి, ఆ జిల్లాలో 291 బడులును, వానిలో 2,658 మంది విద్యార్థులును ఉండిరి. ఇవి గాక వేదశాస్త్రాదులు బోధించు 279 విద్యాస్థానములలో 1,454 మంది చదువుచుండిరి. ఈ నివేదికలను ధరంపాల్ 1983లో గ్రంథరూపమున ప్రకటించుటచే అవి పరిశోధకులకు సులభలభ్యములైనవి.

ఈ సంఖ్యలను కొంచెము విచారింపవలసియున్నది. సగటున బడికి తొమ్మిదిమంది పిల్లలు మాత్రమే. ఒకే అయ్యవారు, ఒకే అరుగు, ఐదేండ్ల వానినుండి పండ్రెండేండ్ల వానివఱకు ఒకే చోట. కావున తరగతుల విభాగము లేదు. ఎవని చదువు వానిది. మఱియొక సంఖ్యయు మఱవరానిది: 2,658 మందిలో బాలికలు 37 మంది మాత్రమే. ద్రాక్షారామ శాసనములలో అఖండదీపములకు దానములిచ్చిన స్త్రీల పేర్లు పెక్కు కనబడుచుండగా, బడి పట్టికలో వారి సంఖ్య ఇంత స్వల్పముగా నుండుట గమనింపదగినది. వీరేశలింగము పంతులు ధవళేశ్వరమున బాలికా పాఠశాలను 1874లో స్థాపించునాటికి ఆ లోటు ఎంత పాతదో దీనివలన తెలియును.

అంతకంటె విలువైనది, ఆ నివేదికలోని పుస్తకముల పట్టిక. బాలరామాయణము, రుక్మిణీకల్యాణము, గజేంద్రమోక్షము, కుచేలోపాఖ్యానము, ప్రహ్లాదచరిత్ర, నలచరిత్ర మున్నగు కథలును. సుమతి, దాశరథి, కృష్ణ, భాస్కర శతకములును. అమరము, ఆంధ్రనామసంగ్రహము అను నిఘంటువులును. పావులూరి గణితమును అందు కలవు. వసుచరిత్ర, మనుచరిత్రలును కలవు. ఈ పట్టికలో వర్ణమాలను మాత్రమే నేర్పు పుస్తకమొక్కటియు లేదు. ఓనమాలకు పుస్తకముతో పని లేదు. అవి నోటితోను ఇసుకతోను వచ్చినవి. పుస్తకమనగా కథయో, నీతిపద్యమో. పదసంపదయు లెక్కలును గూడ ఛందస్సులో పొదుగబడి చెవి ద్వారమున ప్రవేశించినవి. బాలశిక్షలు అచ్చుపడి వ్యాపించుటయు, ‘మొదటి వాచకము’ అను భావము నాటుకొనుటయు ఆ తరువాతి మాటలు.

ఇసుక, కడితము, పెద్ద పిల్లవాడు

బోధన ఎట్లు సాగినదో తెలిసికొనుటకు గోదావరి మండలమును విడిచి బళ్లారికి పోవలసియున్నది. ఆ జిల్లా కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక అన్నింటికంటె వివరమైనది. ఇతడు 1816లో తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున రచించినవాడు. తెలుగెఱిగి చూచిన సాక్షి యగుటచే ఇతని మాటకు విలువ యెక్కువ. ఇతని లెక్క ప్రకారము బళ్లారి జిల్లాలో 533 బడులుండెను.

పిల్లవానిని ఐదవయేట విఘ్నేశ్వరపూజతో బడిలో చేర్తురు. ఉదయము ఆఱు గంటలకే బడి. మొదట వచ్చినవాని అఱచేత సరస్వతి పేరు వ్రాయుదురు, రెండవవానికి సున్న, ఆపైన వచ్చినవారికి వరుసగా బెత్తపు దెబ్బలు పెరుగుచుపోవును. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట తొలిమెట్టు. పిదప కడితము. గుడ్డకు గంజియు బొగ్గుపొడియు పట్టించి ఆరవేసి మడతలుగా చేసిన నల్లని ఫలకమది. దానిపై బలపముతో వ్రాసి తడిగుడ్డతో తుడుతురు. ఆ తరువాతనే తాటాకును గంటమును, కాగితమును కలమును. ముందు నేర్చిన పిల్లవాడు వెనుకటివానికి నేర్పుట ఈ బడులలో సర్వసాధారణము. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమమున 1789లో అధికారియైన ఆండ్రూ బెల్, మన దేశపు బడిలో ఇసుకపై వ్రాయుట చూచి, దానిని అచ్చట ప్రవేశపెట్టి, పిల్లలచేతనే పిల్లలకు చెప్పించి, 1797లో ఆ ప్రయోగమును లండనులో అచ్చొత్తించెను. ఇంగ్లండులో ‘మద్రాసు పద్ధతి’ అను పేర వ్యాపించిన విధానమునకు మూలము ఇదియే.

ఈ పద్ధతిలో మూడు సుగుణములు కలవు. నోరు, చెవి, చేయి ఒక్కమాఱు పనిచేయును: పలుకుచు దిద్దును, దిద్దుచు వినును. నేర్చినవాడు వెంటనే నేర్పువాడగును. నేర్చినది నేర్పుటతో గట్టిపడును. ఇసుకయు కడితమును తుడిచిన పోవునవి; తప్పు వ్రాయుటకు భయము లేదు, ఖర్చు లేదు.

లోపములును అంత స్పష్టములే. పిల్లలు వందలకొలది పద్యములను అప్పజెప్పుచున్నను వాని యర్థ మెఱుగరనియు, పద్యముల భాష వాడుక భాషకు చాల దూరమనియు కాంబెల్ విచారముతో వ్రాసినాడు. కొన్నియెడల అయ్యవారికిని అర్థము తెలియదట. బెత్తమునకు తోడు మన పెద్దలు చెప్పు కోదండము, గోడకుర్చీ, తొడపాశము ఉండనేయుండెను. అరుగుమీద కూర్చుండుటకే అవకాశము లేని కులములవారును, బాలికలును వెలుపలనే యుండిరి. వీథిబడిని స్వర్ణయుగముగా కీర్తించువారు ఈ భాగమును విడిచిపెట్టుట న్యాయము కాదు.

ఇంటి మాట, పుస్తకపు మాట

గిడుగు రామమూర్తి పంతులు ప్రభృతులు 1906 మొదలు సాగించిన వ్యావహారిక భాషోద్యమమువలన కాంబెల్ చూపిన దూరము చాలవఱకు తగ్గినది. అయినను పూర్తిగా తీరలేదు. నేటి వాచకము శిష్టవ్యవహారమున నుండును. గోదావరి పల్లెలో పిల్లవాని యింటి మాట మఱియొక తీరుగా నుండును. ‘వస్తాడు’ అను పుస్తకరూపమునకు ఇంట ‘వత్తాడు’, ‘చూస్తాడు’కు ‘చూత్తాడు’, ‘ఇస్తాడు’కు ‘ఇత్తాడు’. ‘వెళ్తాను’ అనునది ‘ఎల్తాను’ అగును. ఒకటవ తరగతి పిల్లవాడు సకారముక్రింద తావత్తును చూచి ‘వత్తాడు’ అని చదివినపుడు, ఉపాధ్యాయుడు దానిని తప్పుగా లెక్కించును. నిజమునకు ఆ పిల్లవాడు అర్థమును పట్టుకొన్నాడు. అక్షరమును తన చెవి కనుగుణముగా పలికినాడు. స్త–త్త అను ఈ మార్పు యాదృచ్ఛికము కాదు, నియతమైన ధ్వనిసంబంధము. దానిని ఉపాధ్యాయు డెఱిగినచో తప్పు పాఠముగా మాఱును. ఎఱుగనిచో పిల్లవాడు మౌనియగును.

తెలుగు లిపి స్వభావము ఈ కష్టమును హెచ్చించుచున్నది. గుణింతములు, ఒత్తులు కలిసి చదువరి గుర్తింపవలసిన రూపములు వందలకొలది. మన లిపికి సోదరియైన కన్నడమున సొనాలి నాగ్ 2007లో ప్రకటించిన పరిశీలనవలన, పిల్లలకు అక్షరసంపద పూర్తిగా పట్టుబడుటకు అనేక సంవత్సరములు పట్టునని తేలినది. ఇంత దీర్ఘమైన ప్రయాణమున పిల్లవానిని నిలుపునది యేమి? అర్థముమీది ఆసక్తి యొక్కటియే. ఆసక్తికి మూలము కథ.

ఇచ్చట ‘ఏడు చేపల కథ’ను పరిశీలింపుడు. ఎండని చేపను ఎందుకు ఎండలేదని అడుగగా, గడ్డిమేటు అడ్డమైనదని అది చెప్పును. గడ్డిమేటు ఆవుపైని, ఆవు కాపరిపైని, కాపరి అన్నము పెట్టని అవ్వపైని, అవ్వ ఏడ్చిన పిల్లపైని, పిల్ల కుట్టిన చీమపైని నెపము వేయుదురు. ప్రతి మెట్టునను అదే ప్రశ్న, అదే సమాధానపు చట్రము. మాఱునది ఒక్క నామపదము, ఒక్క క్రియ. ఆవు ‘మేయలేదు’, కాపరి ‘మేపలేదు’: అకర్మక, సకర్మక వివాదములు లేకుండ మేయు–మేపు అను క్రియల భేదము నాలుగేండ్ల శిశువునకు పట్టుబడుచున్నది. పునరుక్తి, ఊహకు అవకాశము, చిన్న వాక్యము – తొలి వాచకమునకు నిపుణులు కోరు లక్షణములన్నియు ఇందు కలవు. దీనికి ఖర్చు లేదు. దీనిని ఎఱుగని తెలుగిల్లు అరుదు.

ఈ దృష్టి మనకు మాత్రమే పరిమితము కాదు. గుజరాతున గిజుభాయి బధేకా తన ‘దివాస్వప్న’మున కల్పిత ఉపాధ్యాయునిచేత బోధనను కథలతో ప్రారంభింపజేసెను. న్యూజీలాండులో మావొరీ పిల్లలకు బోధించిన సిల్వియా ఆష్టన్‌వార్నర్, ప్రతి శిశువు తాను కోరిన మాటనే మొదటి పఠనపదముగ గ్రహించి, ఆ యనుభవమును 1963లో ‘టీచర్’ అను గ్రంథమున ప్రకటించెను.

చూపు కథ, చెప్పు కథ

1990వ దశకమున కాలిఫోర్నియాలో రూపొందిన డిజిటల్ కథనమునందు ఒక సామాన్యుడు తన యనుభవమును తన గొంతుతో చెప్పి, కొన్ని చిత్రములను జతపఱచి, కొలది నిమిషముల దృశ్యరూపముగా కూర్చును. చెప్పువాడు తానే యగుట దీని ప్రాణము. మన బడులలో ఆ పేరు వినబడుచున్నను జరుగుచున్నది చాలవఱకు వేఱు. భారత ప్రభుత్వపు ‘దీక్ష’ వేదిక 2017లో ప్రారంభమైనది. పాఠ్యపుస్తకములోని క్యూఆర్ గుర్తును ఫోనుతో చూచిన పాఠపు దృశ్యము తెఱచుకొనును. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ఆరంభించిన ‘స్టోరీవీవర్’లో తెలుగు కథలును ఉచితముగా లభించుచున్నవి, ఎవరైనను వానిని అనువదించి మార్చుకొనవచ్చును. ఇవి ఉపయుక్తములే. కాని వీనిని తెరపై నడిపించి పిల్లలను ఎదుట కూర్చుండబెట్టినంతమాత్రమున అది ‘చూపు కథ’యే యగును. పిల్లవాడు మరల శ్రోతయే. అర్థము తెలియక పద్యము అప్పజెప్పిన 1823 నాటి పిల్లవానికిని, చూచిన పాట వల్లించు నేటి పిల్లవానికిని భేదము స్వల్పము. పిల్లవాడు కర్తయైన ‘చెప్పు కథ’యే అక్షరమునకు దారితీయునది.

ద్రాక్షారామము వంటి గ్రామమున ఈ పని ఎట్లు జరుగవచ్చునో సూచింతుము. సామగ్రికి కొదవ లేదు. రెండంతస్తుల యెత్తుగల భీమలింగము, సప్తగోదావరి పుష్కరిణి, ఋషులు గోదావరిని ఏడుపాయలుగా తెచ్చిన కథ, దక్షుని ఆరామమని ఊరిపేరునకు పెద్దలు చెప్పు వ్యుత్పత్తి, శివరాత్రి తిరునాళ్లు. ఇవి గాక కాలువగట్టు, వరికోతలు, తుపాను నాటి రాత్రి. గుడి కథలు పరిచయములేని, లేదా ఇతర మతములకు చెందిన యిండ్ల పిల్లలకు కాలువయు కోతలును సమానమైన వస్తువులే. వస్తువును ఎన్నుకొను హక్కు పిల్లవానిదే కావలెను.

మొదట పిల్లవాడు ఇంట ఒక పెద్దనుండి కథ విని వచ్చును. రెండవది, ఇద్దఱు ముగ్గురు తోటివారికి దానిని చెప్పును; వారు ప్రశ్నింతురు. మూడవది, కథను నాలుగైదు బొమ్మలుగా గీయును. బొమ్మల వరుసయే కథ కట్టడమును నేర్పును. నాలుగవది, ఉపాధ్యాయుని ఫోనులో తన గొంతును నింపును. నచ్చనిచో చెఱిపి మరల చెప్పును. కడితమునకు ఉండిన తుడుపుగుణము ఇచ్చట గొంతునకు లభించినది. ఐదవది, తన గొంతును విని, ఒక్కొక బొమ్మకు ఒక్కొక వాక్యమును ఉపాధ్యాయుని సాయముతో వ్రాయును. ఆఱవది, ఆ వాక్యములను తోటివారు చదువుదురు. పెద్ద తరగతివాడు చిన్నవానికి లేఖకుడై సాయపడును. ఇట్లు వీథిబడి సుగుణములు మూడును మరల వచ్చును.

ఐదవ మెట్టున ‘వత్తాడు’ అని వ్రాయవలెనా, ‘వస్తాడు’ అనియా? మా సూచన యిది: కథలోని పాత్రల మాటలు ఇంటి పలుకుబడిలోను, కథనము పుస్తకభాషలోను ఉండవలెను. గురజాడ ‘కన్యాశుల్క’మున (1897) ఎవరి భాష వారిచేత పలికించిన తరువాత మన సాహిత్యమున ఇది అంగీకృతమైన మార్గమే. పిల్లవాడు ఒకే పుటలో రెండు రూపములను ప్రక్కప్రక్కన చూచి, రెండును తనవేయని గ్రహించును.

ఆలయ శాసనములు నాలుగైదు తరగతులకు ఉపకరించును. ఒక పంక్తి ఛాయాచిత్రమును తెరపై పెద్దదిగా చూపి, నేటి అక్షరములను పోలినవానిని వెదకించినచో, లిపి మాఱునదియను సత్యము పిల్లలకు కంటికి కనబడును. దీపమునకై గొఱ్ఱెలనో ఆవులనో ఇచ్చిన దాత పేరు అందులో దొరకినపుడు, వ్రాత యెందుకు పుట్టినదను ప్రశ్నకు సమాధానము దొరకును: చెప్పినమాట చెప్పినవాని తరువాతను నిలుచుటకు.

ఆక్షేపములు

ఈ మార్గమునకు కొన్ని ఆక్షేపములు కలవు. పిల్లవాడు తన కథను కంఠస్థము చేసి, అక్షరము చూడకయే చదివినట్లు నటింపవచ్చును. ఇది నిజమైన ప్రమాదము. కాంబెల్ చూపిన రోగమే. దీనికి చికిత్స సులభము. వాక్యములను చీటీలపై వ్రాసి వరుస తప్పించి చదివించవలెను. అవే పదములతో క్రొత్త వాక్యమును కూర్చి యీయవలెను. అప్పుడు చదువునది కన్నో, జ్ఞాపకమో తేలిపోవును. గుణింతములు, ఒత్తులు క్రమముగా నేర్పుటను కథ తొలగింపదు. ప్రతి కథనుండియు రెండు మూడు ఒత్తులను ఏఱి సాధన చేయింపవలసినదే.

కాలము చాలదందురు. వారమున కొక్క కథ, ఒక్క ఫోను చాలును. ప్రతి పిల్లవానికి పరికరము అక్కఱలేదు. ఫోను లేనిచోట ఐదు మెట్లు పలకతోను బొమ్మలతోను జరుగును. పిల్లల గొంతులు, ముఖములు బడి దాటి పోరాదనునది న్యాయమైన ఆక్షేపము. పిల్లల సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల అనుమతి కావలెనని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము విధించుచున్నది. చట్టము లేకున్నను ఉపాధ్యాయుడు పాటింపవలసిన మర్యాద అది.

ఈ విచారణ డెల్టాకు మాత్రమే చెందదు. అదే గోదావరి ఎగువను, మన్యమున కోయ పిల్లలకు పుస్తకభాషకును ఇంటిభాషకును నడుమ దూరము ఒక ఒత్తుతో తీరునది కాదు, భాషయే వేఱు. సవరలకు సవరభాషలోనే చదువు చెప్పవలెనని గిడుగువారు బడి పెట్టి, పుస్తకములు వ్రాసి చూపిరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004లో సవర, కోయ, గోండి మున్నగు ఎనిమిది భాషలలో ప్రాథమిక బోధన ప్రారంభమైనది. అచ్చు పుస్తకములు తక్కువగా నున్న ఈ భాషలకు, పిల్లలు చెప్పి నింపిన కథలే వాచకములకు ముడిసరుకు కాగలవు.

ముగింపు

మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి శిశువును అర్థముతో చదువగలుగవలెనని 2021లో ఆరంభమైన ‘నిపుణ్ భారత్’ పథకము ఉద్దేశించినది. ఆ ‘అర్థముతో’ అను మాటయే ఈ వ్యాసమునకు కీలకము. వీథిబడి గొంతును ఇచ్చినది, అర్థమును ఈయలేదు. అందఱకు ద్వారమును తెఱవలేదు. నేటి బడి ద్వారమును తెఱచినది, కాని గొంతును తెరకు అప్పగించు ప్రమాదమున నున్నది. గొంతును పిల్లవానికి తిరిగి యిచ్చి, ఆ గొంతునుండి అక్షరమును పుట్టించిన నాడు దేశీయ పద్ధతియు క్రొత్త పరికరమును ఒకదాని కొకటి సాయపడును. పరిశోధక విద్యార్థులు తమ తమ మండలములలోని ఇంటి పలుకుబడికిని వాచకభాషకును గల ధ్వనిసంబంధములను పట్టికలుగా కూర్చి ఉపాధ్యాయుల కందింపగలిగినచో, ఈ కార్యమునకు తెలుగు శాఖలు చేయగల ప్రథమోపకారము అదియేయని మా విన్నపము.